థెరపీ కోసం డ్రాయింగ్ పిరియడ్ పోతోంది, మాన్పించేయాలా?

చినుకు_వాళ్లమ్మ
మా బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఆటిజం. రెండు మూడు మాటలు కలిపి మాట్లాడతాడు, అదీ వాడికి కావాలనిపించినప్పుడే. స్కూల్లోనే స్పీచ్ థెరపీ ఉందని ఎంతో ఆశపడి ఇక్కడ చేర్పించాం. మంగళవారం, శుక్రవారం అరగంట చొప్పున క్లాసులోంచి తీసుకెళ్తారు. ఆ రెండూ డ్రాయింగ్ పిరియడ్లే. ఎందుకంటే "చదువు పోకూడదు కదమ్మా" అన్నారు.

ఏడాది కావస్తోంది. డైరీలో రాసేది ఒకటే వాక్యం, "సెషన్ బాగా జరిగింది, సహకరించాడు". నిన్న కూర్చుని పేజీలు వెనక్కి తిప్పితే ఈ టర్మ్‌లోనే 11 సార్లు పొల్లు పోకుండా అదే ఉంది. లోపల ఏం చేయిస్తున్నారో నాకు తెలియదు, క్లాస్ టీచర్‌కీ తెలియదు. అడిగితే ఈవిడ ఆవిడని అడగమంటారు, ఆవిడ ఈవిడని అడగమంటారు.

మొన్న శుక్రవారం ఆయా వచ్చి పిలిస్తే వీడు బెంచీ పట్టుకుని కదల్లేదట. "డ్రాయింగ్ నాది. రాను." అన్నాడట. చెయ్యి పట్టి తీసుకెళ్తే అరగంటా ఏడుస్తూనే ఉన్నాడట. డైరీలో "ఈరోజు సహకరించలేదు" అని రాసి పంపారు. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. వారం మొత్తంలో వాడు ఇష్టంగా చేసే పని అదొక్కటే. మాన్పిస్తే మాట వెనకబడుతుందేమో, కొనసాగిస్తే స్కూలంటేనే విరక్తి పుడుతుందేమో. మీ పిల్లల స్కూళ్లలో ఎలా జరుగుతోందో చెప్పండి.

తాబేలు_నడక
మాన్పించకండి, టైమ్ మార్పించండి. మా పాపకి సెరిబ్రల్ పాల్సీ. ఎలాగూ పరుగెత్తలేదు కదా అని ఫిజియోథెరపీని తీసుకెళ్లి ఆటల పిరియడ్‌లో పెట్టారు. అది పరుగెత్తదు నిజమే, కానీ గ్రౌండ్ పక్కన కూర్చుని స్కోరు రాసేది, తగవులు తీర్చేది. అది పోయాక రెండు నెలలు ఇంట్లో స్నేహితుల పేరు ఎత్తలేదు. వెళ్లి గట్టిగా అడిగితే ఒక్క వారంలో మార్చారు. అడగందే అమ్మయినా పెట్టదు.

మూడో_బెంచీ
నేను మాన్పించేశాను, పశ్చాత్తాపం లేదు. రెండేళ్లు స్కూల్లో ఇదే తంతు, వెళ్లడం, రావడం, డైరీలో ఒక గీత. మా అమ్మాయికి డిస్లెక్సియా, అంటే అక్షరాలు కూడబలుక్కుని చదవడమే కష్టం. ఒక టీచర్ దగ్గర సాయంత్రాలు విడిగా పెట్టించాం, శబ్దానికీ అక్షరానికీ ముడి వేస్తూ ఒక పద్ధతి ప్రకారం రోజూ చెప్పారు. ఏడాదిలో పేరాలు చదివింది. స్కూల్లో థెరపీ ఉందంటే ఉందనిపించుకోవడానికే అని నాకు అర్థమైంది.

స్పీచ్_గది
పద్నాలుగేళ్లుగా స్కూళ్లలో స్పీచ్ థెరపిస్ట్‌గా చేస్తున్నాను. మూడో బెంచీ గారు, మీ కోపం న్యాయమే, కానీ అందరికీ సాయంత్రం విడిగా చెప్పించుకునే వీలుండదు. స్కూల్లో జరగాల్సింది స్కూల్లో జరగాలి.

చినుకు అమ్మగారూ, ముందు ఒక్క మాట. "డ్రాయింగ్ నాది. రాను." ఇది మీరు బాధతో రాశారు, నాకేమో చదువుతుంటే ఒళ్లు పులకరించింది. తనదేదో చెప్పాడు, వద్దన్నది చెప్పాడు, చెప్పాల్సిన మనిషికి చెప్పాల్సిన సమయంలో చెప్పాడు, పక్కనుంచి ఎవరూ మాట అందించకుండా. మేం నెలల తరబడి బొమ్మలు చూపించి రప్పించాలని చూసే మాట అదే. దాన్ని విని ఆగి ఉంటే "మాట చెబితే పని జరుగుతుంది" అని వాడికి తెలిసేది. చెయ్యి పట్టి లాక్కెళ్లడంతో మాట్లాడినా లాభం లేదని తెలిసింది. నేనే ఆ గదిలో ఉండి ఉంటే డైరీలో ఆ వాక్యమే రాసి కింద గీత గీసేదాన్ని.

ఇక లెక్క చూడండి. రోజుకి 6 గంటలు, వారానికి 5 రోజులు, 30 గంటలు. అందులో థెరపీ గదిలో గడిపేది 1 గంట. మిగిలిన 29 గంటల్లో ఏమీ మారకపోతే ఆ ఒక్క గంట ఏం చేయగలదు? పైగా ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకి ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోటికి దానంతట అది రాదు. నా గదిలో, నాతో, నా బల్ల దగ్గర "ఇవ్వు" అంటాడు. క్లాసులో పక్కవాడి దగ్గర రబ్బరు కావాలంటే లాక్కుంటాడు. మాట రాక కాదు, ఆ మాట ఇక్కడ కూడా పనిచేస్తుందని ఎవరూ చూపించలేదు. అందుకే నేను ఇప్పుడు సగం సెషన్లు క్లాసులోనే చేస్తాను. పిల్లాణ్ణి బయటికి తీసుకురావడం కన్నా నేనే లోపలికి వెళ్లడం.

"సహకరించాడు" అని నేనూ రాసిన రోజులున్నాయి. ఒక్కదాన్నే 60 మంది పిల్లల్ని చూసేటప్పుడు, సెషన్‌కీ సెషన్‌కీ మధ్య మంచినీళ్లు తాగే వ్యవధి లేనప్పుడు చేతికి వచ్చే వాక్యం అది. అది సమర్థన కాదు. ఆవిడ చెడ్డదై ఉండకపోవచ్చు అని మాత్రం చెబుతున్నాను. వెళ్లి కలవండి.

సుద్దముక్క
క్లాస్ టీచర్‌ని. నా వైపు నుంచి కూడా వినండి.

38 మంది. పాఠం మధ్యలో తలుపు తెరుచుకుంటుంది, ఒక పిల్లాడు వెళ్తాడు. అరగంట తర్వాత మళ్లీ తెరుచుకుంటుంది, వాడు వస్తాడు. వచ్చేసరికి పాఠం ఎక్కడో ఉంటుంది, వాడు ఎక్కడో ఉంటాడు. ఆ గదిలో ఏం నేర్పారో నాకు ఒక్కరూ ఒక్క ముక్క చెప్పలేదు, మూడేళ్లలో. నాకు తెలిస్తే కదా నేను చేసేది!

క్లాసులోకి థెరపిస్ట్ రావడం మాత్రం నాకు మొదట్లో నచ్చలేదు, ఇప్పటికీ పూర్తిగా నచ్చదు. వెనక ఇంకో పెద్దావిడ కూర్చుని గుసగుసగా చెబుతుంటే చుట్టూ ఉన్న ఆరుగురూ అటే చూస్తారు. ఆ పిల్లాడికి నెత్తిన బోర్డు పెట్టినట్టే. స్పీచ్ గది గారు దీనికేమంటారు?

కానీ ఒకటి ఒప్పుకోవాలి. కిందటేడు ఒక థెరపిస్ట్ నాకు ఒకే ఒక్క పని చెప్పి వెళ్లింది. "ప్రశ్న అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టండి. ఈలోపు మళ్లీ అడగకండి, పేరు పిలవకండి." ఇంతే. మొదటి రోజు ఆ ఐదు అంకెలు నాకు ఒక యుగంలా అనిపించాయి. నాలుగో రోజున, ఎప్పుడూ నోరు మెదపని అమ్మాయి నాలుగు దగ్గర జవాబు చెప్పింది. నేను ఇన్నాళ్లూ రెండు దగ్గరే పక్కవాళ్లని అడిగేసేదాన్నన్నమాట. తర్వాత చదివి తెలుసుకున్నాను, మేరీ బడ్ రోవ్ అనే పరిశోధకురాలు 1970లలోనే ఇది లెక్కగట్టింది. టీచర్లు జవాబు కోసం ఆగేది సుమారు ఒక్క సెకను. దాన్ని 3 సెకన్లకి పెంచితే జవాబులు పొడవవుతాయి, వెనకబడ్డారనుకున్న పిల్లలు కూడా ఎక్కువ మాట్లాడతారు. నా ట్రైనింగ్‌లో ఇది ఎందుకు చెప్పలేదో!

తాబేలు_నడక
ఐదు లెక్కపెట్టడం ఇంట్లో కూడా మొదలుపెడతాను. మా ఆవిడ నన్ను ప్రశ్న అడిగినప్పుడు కూడా ఈ పద్ధతి పాటిస్తే బాగుణ్ణు 🙂

స్పీచ్_గది
సుద్దముక్క గారు అడిగింది సరైన ప్రశ్న. పక్కన అతుక్కుని కూర్చుంటే అది నిజంగానే అవమానం. నేను అలా కూర్చోను. నలుగురైదుగురు పిల్లల బృందం దగ్గర కూర్చుంటాను, అందరితోనూ పనిచేస్తాను. నేను ఎవరి కోసం వచ్చానో చాలామంది పిల్లలకి తెలియదు. అలాగని బయటికి తీసుకెళ్లడం అసలే వద్దని కాదు. కొత్త శబ్దం పలకడం నేర్పాలంటే, అద్దంలో నాలుక ఎక్కడ పెట్టాలో చూపించాలంటే నిశ్శబ్దం కావాలి, అది నలుగురిలో చేయకూడదు. ఏది ఎక్కడ చేయాలో చూసుకోవాలి, అంతే.

పెన్సిల్_పట్టు
ఓటీని, అంటే ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని. కూర్చోవడం, రాయడం లాంటి రోజువారీ పనులు పిల్లలకి సులువయ్యేలా చూడటం మా పని. చర్చ అంతా మాట చుట్టూ తిరుగుతోంది కాబట్టి ఒక పక్క ప్రశ్న. బాబు బెంచీ మీద కూర్చుంటే పాదాలు నేలకి ఆనుతున్నాయా?

ఎందుకు అడుగుతున్నానంటే, కుదురుగా కూర్చోడు, రాయడు, బల్ల మీద పడుకుంటాడు అని నా దగ్గరికి పంపే పిల్లల్లో చాలామందికి కాళ్లు గాల్లో వేలాడుతుంటాయి. పాదాలు ఆనాలి, తుంటి, మోకాళ్లు ఇంచుమించు లంబకోణంలో ఉండాలి, బల్ల మోచేతి ఎత్తుకి రావాలి. మీరే ఎత్తైన స్టూలు మీద కాళ్లు వేలాడేసి కూర్చుని ఒక పేజీ రాసి చూడండి, నడుము నిలబెట్టుకోవడానికే ఒంట్లో శక్తంతా పోతుంది, ఇక వేళ్లకి ఏం మిగులుతుంది? పోయిన నెల ఒక అబ్బాయికి పాత పుస్తకాల కట్ట టేపు చుట్టి కాళ్ల కింద పెట్టాం. సెషన్ లేదు, రిపోర్ట్ లేదు. ఆ మధ్యాహ్నమే నాలుగు లైన్లు ఎక్కువ రాశాడు. ఇలాంటివి చూడాలంటే మేం క్లాసుకి రావాలి. గదిలో మా దగ్గర అన్నీ సరైన కుర్చీలే ఉంటాయి, సమస్య అక్కడ కనిపించదు.

మూడో_బెంచీ
ఇవన్నీ వినడానికి బాగున్నాయి. మీలాంటి థెరపిస్టులు ఎన్ని స్కూళ్లలో ఉన్నారు? మాకు కట్టిన కాగితాల ఫైలు అరచేయి మందం ఉండేది. అందులో మా పాప గురించి రాసినవన్నీ నిజాలే. ఒక్క టీచర్ కూడా తెరవలేదు. పరీక్షలో అదనపు సమయం ఇవ్వాలని రాసి ఉంటుంది, ఇన్విజిలేటర్‌కి తెలియదు, ఆ సమయం ఇవ్వకుండానే పాప దగ్గర్నుంచి పేపర్ లాక్కుంటారు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి?

నిదానంగా
నాకు నత్తి. ఇప్పుడు ముప్ఫై నాలుగేళ్లు, ఉద్యోగం చేసుకుంటున్నాను. మీరందరూ పిల్లల గురించి మాట్లాడుతున్నారు, నేను ఆ పిల్లాణ్ణి.

ఐదో తరగతి నుంచి నన్ను సోషల్ పిరియడ్‌లో పిలిచేవారు. "ఎక్కడికి పోతావురా రోజూ" అని పక్కవాళ్లు అడిగితే లైబ్రరీకి అని అబద్ధం చెప్పేవాణ్ణి. అబద్ధం దొరక్కుండా ఉండటానికి తిరిగి వచ్చేటప్పుడు నిజంగానే లైబ్రరీకి వెళ్లి ఒక పుస్తకం చేత్తో పట్టుకుని వచ్చేవాణ్ణి. రెండేళ్లు. థెరపీలో ఏం నేర్పారో సగం మర్చిపోయాను కానీ ఆ వరండాలో పుస్తకం పట్టుకుని నడవడం మర్చిపోలేదు.

ఏడో తరగతిలో కొత్త థెరపిస్ట్ వచ్చారు. మొదటి రోజు కూర్చోబెట్టి "నీకు ఏ పిరియడ్ పోతే ఫర్వాలేదు? మీ క్లాసువాళ్లకి ఏమని చెబుదాం?" అని అడిగారు. అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. నా టైమ్‌టేబుల్, నా నోరు, నన్నే అడగలేదు. ఆ తర్వాత ఆయన సాయంతో నేనే క్లాసు ముందు నిలబడి నత్తి అంటే ఏమిటో ఐదు నిమిషాలు చెప్పాను, నత్తితోనే చెప్పాను. లైబ్రరీ అబద్ధం ఆ రోజుతో సరి.

చినుకు అమ్మగారూ, స్కూలుకి వెళ్లే ముందు బాబుని అడగండి. మాటల్లో చెప్పలేకపోతే బొమ్మలు పెట్టి అడగండి.

చినుకు_వాళ్లమ్మ
నిదానంగా గారు, మీ పోస్టు మూడుసార్లు చదివాను. నేను కూడా వాణ్ణి అడగలేదు. ఎందుకు తోచలేదో తెలియడం లేదు.

బొమ్మలంటే గుర్తొచ్చింది, ఇంట్లో బొమ్మల కార్డులు వాడదామంటే మా అత్తయ్య ఒప్పుకోవడం లేదు. కార్డు చూపిస్తే పనయిపోతే ఇక నోరెందుకు తెరుస్తాడు అంటారు. ఆవిడ వాణ్ణి ప్రాణంలా చూసుకుంటారు, ఆ భయం నాక్కూడా ఉంది.

స్పీచ్_గది
ఈ భయం ప్రతి ఇంట్లో ఉంటుంది. కార్డులు, ట్యాబ్‌లో నొక్కితే మాట్లాడే యాప్‌లు, సైగలు, వీటివల్ల మాట తగ్గిపోతుందా అని చాలా పరిశోధన జరిగింది. 2006లో వచ్చిన ఒక సమీక్షలో గట్టిగా నిరూపణ ఉన్న 27 మంది ఫలితాలు విడదీసి చూశారు. ఒక్కరికి కూడా మాట తగ్గలేదు, ఎక్కువమందికి కొంచెమైనా పెరిగింది. అత్తయ్యగారికి ఇలా చెప్పండి: పాకే పిల్ల నడక మానేయదు కదా, పాకడం వల్లే కదా ముందుకి వెళ్లడం తెలిసింది. కార్డు ఇచ్చినప్పుడల్లా మీరు ఆ మాట పైకి అనండి. వాడు అనాలని పట్టుబట్టకండి.

బొమ్మ ఇచ్చి వస్తువు తీసుకునే పద్ధతి పేరు పెక్స్, 1985లో మొదలైంది. అందులో నాకు బాగా నచ్చేది, మొదటి రోజు నుంచే పిల్లాడు తనంతట తాను వచ్చి ఇంకో మనిషి చేతిలో కార్డు పెట్టాలి. "ఏం కావాలి?" అని మనం అడగకూడదు. మొదలుపెట్టడం వాడి వంతు.

గుండీ_వాళ్ల_నాన్న
మా వాడికి "బ్రేక్ కావాలి" అనే కార్డు ఇచ్చారు, తట్టుకోలేనప్పుడు టీచర్‌కి చూపించి రెండు నిమిషాలు బయటికి వెళ్లొచ్చని. చాలా పనిచేసింది, బల్లలు తోయడం దాదాపు ఆగింది. ఒక ఆదివారం నేను ఫోన్లో ఎవరితోనో గట్టిగా వాదిస్తుంటే మెల్లగా వచ్చి ఆ కార్డు నా ఒళ్లో పెట్టి వెళ్లాడు. అప్పటినుంచి ఇంట్లో అందరికీ తలా ఒక కార్డు.

వాన_శబ్దం
మా పాపకి వినికిడి లోపం. ఆడియాలజిస్ట్, అంటే వినికిడి నిపుణురాలు, చెప్పిందేమిటంటే టీచర్ గొంతు చుట్టూ ఉన్న గోల కన్నా కనీసం 15 డెసిబెల్స్ ఎక్కువ వినిపించాలి. మామూలు క్లాసులో అది జరగదు. అందుకని టీచర్ మెడలో చిన్న మైకు, పాప చెవి మిషన్‌కి నేరుగా వచ్చేలా పెట్టారు. ఒకసారి టీచర్ మైకు ఆపడం మర్చిపోయి స్టాఫ్ రూమ్‌కి వెళ్లారు. సర్‌ప్రైజ్ టెస్ట్ ఎప్పుడో ఆ రోజు క్లాసంతటికీ తెలిసిపోయింది. పాపకి ఆ వారం ఎంతమంది స్నేహితులో!

అంచెలంచెలుగా
స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. మూడో బెంచీ గారి ఫైలు సంగతి చెబుతాను, ఎందుకంటే నేను అలాంటి ఫైళ్లు రాశాను.

పిల్లాడికి విడిగా ఒక ప్రణాళిక, ఐఈపీ అంటాం. 1975లో అమెరికా చేసిన చట్టంతో మొదలైంది, తర్వాత రకరకాల పేర్లతో చాలా చోట్లకి వెళ్లింది. దాని ప్రాణం లక్ష్యాల్లో ఉంటుంది. "భాషా నైపుణ్యాలు మెరుగుపడతాయి" అని రాస్తే అది లక్ష్యం కాదు, దీవెన. "టర్మ్ చివరికల్లా, క్లాసులో తనకి కావలసిన వస్తువుని ఎవరూ గుర్తు చేయకుండా పక్క పిల్లల్ని 5 సార్లలో 4 సార్లు అడుగుతాడు" అని రాస్తే అది లక్ష్యం. ఎవరైనా చూసి అయిందో లేదో చెప్పగలరు. చినుకు అమ్మగారూ, మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఏం చేయిస్తున్నారు" అని కాదు, "ఏ లక్ష్యం కోసం, ఎంతదాకా వచ్చాడు" అని.

ఇది బతిమాలుకోవాల్సిన సంగతి కూడా కాదు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒప్పందంలో 24వ అధికరణం మొత్తం చదువు గురించే. పిల్లలు అందరితో కలిసి చదువుకోవాలి, వాళ్ల అవసరానికి తగిన సాయం అక్కడే అందాలి అని ఉంటుంది. సాయం కోసం క్లాసు వదులుకోమని అందులో లేదు.

ఇక ఫైలు ఎవరూ తెరవరు. అది నిజం. అందుకే ఇప్పుడు నేను ఫైలుతో పాటు ఒకే ఒక్క పేజీ రాసి, క్లాస్ టీచర్ హాజరు పట్టీ లోపలి అట్టకి అతికిస్తాను. రోజూ ఉదయం అది తెరవక తప్పదు, సబ్‌స్టిట్యూట్ టీచర్ వచ్చినా తెరవాల్సిందే. మూడో బెంచీ గారు, అదనపు సమయం సంగతి కూడా ఇలాగే, హాల్‌లో ఇన్విజిలేటర్ చేతికిచ్చే షీట్ మీద రాయించండి.

మూడో_బెంచీ
హాజరు పట్టీ అట్ట. ఇది నాకు తట్టలేదు. రేపే అడుగుతాను.

గుండీ_వాళ్ల_నాన్న
షాడో టీచర్‌ని, అంటే క్లాసులో పిల్లాడి పక్కనే ఉండి సాయం చేసే మనిషిని, పెట్టమంటారు జాగ్రత్త. ఉపయోగం లేదనను, మా వాడికి మొదటి ఆరు నెలలు ఆవిడే దిక్కు. కానీ తర్వాత టీచర్ మా వాడితో మాట్లాడటం మానేసి ఆవిడతో మాట్లాడటం మొదలుపెట్టారు. పిల్లలు కూడా అంతే. మరీ నీడలో పెట్టినా మొక్క ఎదగదు. ఏ రోజు నుంచి ఎంత దూరం జరగాలో మొదట్లోనే రాయించుకోండి.

చినుకు_వాళ్లమ్మ
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

ముందు వాణ్ణి అడిగాను. టైమ్‌టేబుల్‌ని బొమ్మల ముక్కలుగా కత్తిరించి నేల మీద పరిచాను. వాడు చాలాసేపు చూశాడు. ఐదు లెక్కపెట్టాను, మళ్లీ ఐదు. డ్రాయింగ్ ముక్క తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి జీకే ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. మా అత్తయ్య గడపలో నిలబడి అంతా చూశారు, ఏమీ అనలేదు. మర్నాడు ఉదయం దువ్వెన బొమ్మ గీసి ఇమ్మని ఆవిడే అడిగారు.

స్కూల్లో థెరపిస్ట్, క్లాస్ టీచర్, నేను ఒకే చోట కూర్చోవడం ఏడాదిలో ఇదే మొదటిసారి. థెరపిస్ట్ నేననుకున్న మనిషి కాదు, "అమ్మా, ఆ శుక్రవారం గురించి నాకూ బాధగానే ఉంది" అన్నారు. మంగళవారం సెషన్ జీకే పిరియడ్‌కి మారింది. శుక్రవారం ఆవిడే డ్రాయింగ్ క్లాసుకి వచ్చి వీడి బల్ల దగ్గర నలుగురితో కూర్చుంటున్నారు. క్రేయాన్ల డబ్బా వీడి ముందు పెట్టకుండా అవతలి అమ్మాయి ముందు పెడతారట. మొన్న "నీలం ఇవ్వు" అన్నాడట. ఆ అమ్మాయి ఆకుపచ్చ ఇచ్చింది. "కాదు. నీలం." అన్నాడట. డైరీలో ఈసారి ఆ మూడు ముక్కలూ ఉన్నాయి.

అన్నీ కాలేదు. నెలకోసారి ముగ్గురం కలుద్దామంటే యాజమాన్యం టర్మ్‌కి ఒకసారే అన్నారు, మళ్లీ అడుగుతాను. కాళ్లు చూశాను పెన్సిల్ పట్టు గారు, వేలాడుతున్నాయి. చెక్క ముక్క పెట్టించాం. హాజరు పట్టీ కోసం ఆ ఒక్క పేజీ కూడా రాసిచ్చాను.

సుద్దముక్క
ఆ ఒక్క పేజీలో ఏం రాశారో చెప్పగలరా? మా క్లాసులో ఇద్దరికి రాయాలి.

చినుకు_వాళ్లమ్మ
అంచెలంచెలుగా గారు చెప్పినట్టే రాశాను, అర పేజీ కూడా లేదు. పైన వాడి పేరు, పక్కన వాడు గీసుకున్న వాడి బొమ్మ. "ప్రశ్న అడిగాక ఐదు లెక్కపెట్టండి. ఒకసారికి ఒక్క పని చెప్పండి. చెవులు మూసుకుంటే గోల ఎక్కువైందని అర్థం, కిటికీ పక్క సీటు ఇవ్వండి. చెయ్యి పట్టి లాగకండి, కార్డు చూపించండి. 'వద్దు' అంటే వినండి, తర్వాత ఎప్పుడు చేయాలో చెప్పండి." ఇంతే. చివరి లైను వాణ్ణి అడిగి రాశాను: "డ్రాయింగ్ నాది."